సర్వజిత్ దాటని మిషన్

మా షాపులో ఉన్న కంప్యూటర్‌కు ఇంకా సర్వజిత్ నామ సంవత్సరమే నడుస్తోంది. ఊరందరికీ ఆ ఏడు వచ్చి వెళ్లి పద్దెనిమిదేళ్లవుతోంది. దానికి మాత్రం అదే ఉగాది, అదే శ్రావణం, అదే ఫాల్గుణం, మళ్లీ అదే ఉగాది. ఈ సంగతి తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. కోదాడలో నా షట్టర్ ఇవాళ తెరిచి ఉందంటే దాని చలవే.

అది మామూలు కంప్యూటర్ కాదు. తెలుగు ప్రింటింగ్ ప్రెస్సుల కోసమే హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ చేసిన మిషన్. పాటలు వినడానికి పనికిరాదు, సినిమా చూడడానికి పనికిరాదు, ఇంటర్నెట్ అన్న మాటే దానికి తెలియదు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, చర్చివాళ్ల పాటల పుస్తకాలు, ఇలా తెలుగులో అచ్చుకు వెళ్లేది ఏదైనా దానిమీద చకచకా తయారవుతుంది. దాని కీబోర్డు మీద అక్షరాలతో పాటు మాటలు కూడా ఉంటాయి. ‘చి॥’కి ఒక మీట, ‘కీ॥శే॥’కి ఒక మీట, ‘ఆహ్వానించువారు’కి ఒక మీట. ‘సం॥’ అని ఇంకొక మీట ఉంది. దాన్ని నొక్కితే మిషన్ తన లోపలి క్యాలెండర్ చూసుకుని ‘స్వస్తిశ్రీ చాంద్రమాన ఫలానా నామ సంవత్సర’ అంటూ వరుస మొత్తం తానే వేసేస్తుంది. నేను పడ్డ తిప్పలన్నీ ఈ మీటతో వచ్చినవే.

నేను దాన్ని మొదట చూసింది సూర్యాపేటలో. డిగ్రీ పూర్తికాకముందే అక్కడొక ప్రెస్సులో ఆపరేటర్‌గా చేరాను. చేరిన నెలకే ఈ మిషన్ వచ్చింది. దాన్ని తయారుచేసినాయనే స్వయంగా బస్సులో వెంటబెట్టుకుని తెచ్చాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు. మా ప్రెస్సు సార్‌తో కన్నా నా పక్కనే ఎక్కువసేపు కూర్చున్నాడు.

“ఏ మాట ఎక్కువ కొడతవమ్మా?” అని అడిగాడు.

అప్పటిదాకా ఆ ప్రెస్సులో నన్నెవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. “చి॥ల॥సౌ॥ సార్. పెండ్లిపిల్ల పేరు ముందట కొట్టి కొట్టి వేలు గుంజుతున్నది” అన్నాను. ఆయన నవ్వకుండా రాసుకున్నాడు. వారం తర్వాత కొత్త కీబోర్డు పంపించాడు. అందులో ‘చి॥ల॥సౌ॥’కు ఒక మీట ఉంది. దాన్ని ఎంతమందికి చూపించుకుని మురిసిపోయానో చెప్పలేను.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. ఏటా ఉగాదికి ముందు మిషన్ ఒక నంబరు అడుగుతుంది. కంపెనీకి ఫోన్ చేస్తే చెబుతారు, ఆ ఏటికి అన్ని మిషన్లకూ అదే నంబరు. ఆ నంబరు కొడితే ఇంకో ఏడాది నడుస్తుంది. సర్వజిత్ దాకా అలాగే జరిగింది. ఆ ఏడు చివర్లో తెరమీద ‘గడువు రేపటితో ముగుస్తుంది’ అని పడితే ఫోన్ చేశాం. ఎత్తలేదు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాం. కంపెనీ మూతపడిందని వేరే ప్రెస్సువాళ్లు చెప్పారు. మా సార్ తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వాళ్లు దుకాణం సర్దుకుంటే నా చేతికింది మిషన్ ఎందుకు చావాలి? ఆ కోపంలోనే దాని తారీఖును సరిగ్గా ఏడాది వెనక్కి తిప్పాను. మిషన్ నోరెత్తలేదు. ఇంకా ఏడాది గడువుంది కదా అనుకుని హాయిగా పనిలో పడింది.

అప్పటినుంచి ప్రతి ఉగాదికి ముందురోజు అదే పని. అందరూ వేపపువ్వు కోసం తిరుగుతుంటే నేను మిషన్‌ను వెనక్కి తిప్పేదాన్ని. గడువు దాటిన రోజును అది ఒక్కసారి కూడా చూడకూడదు, అంతే. తర్వాత నాకు పెళ్లై కోదాడ వచ్చాను. సార్ ఫ్లెక్సీ బ్యానర్ల పనికి మారుతున్నాడని తెలిసి, ఆ మిషన్ నాకిమ్మని అడిగి తెచ్చుకున్నాను. మా అత్తమ్మ తన పేరున ఉన్న షట్టర్ నాకు తెరిచి ఇచ్చింది. మా ఆయన మేళ్లచెరువు సిమెంటు లారీ మీద ఎప్పుడూ తిరుగుడే. పగలంతా షాపులో నేనూ మిషనూ.

ఒకటే ఇబ్బంది. ‘సం॥’ మీట నొక్కితే ఎప్పుడూ సర్వజిత్ అనే పడుతుంది. దాన్ని చెరిపి అసలు సంవత్సరం పేరు చేత్తో కొట్టాలి. విరోధి, ఖర, వికారి, క్రోధి, అన్నీ చేత్తో కొట్టినవే. “పెండ్లి కార్డు మీద విరోధి ఏందమ్మా, పాడుగాను, తీసెయ్” అన్న తల్లులు కూడా ఉన్నారు. తీసేసేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్క కార్డు మీద కూడా పొరపాటు రానివ్వలేదని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం మొన్న శ్రావణంలో అణిగింది.

శ్రావణమంటే మాకు ఊపిరి సలపని నెల. మేళ్లచెరువు నుంచి ఒకాయన కూతురి పెళ్లి కార్డులు పట్టుకెళ్లాడు. మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టి, రెండోది పెళ్లి చేయించే పంతులుగారి చేతిలో పెట్టాడు. ఆయన కార్డు చదివి, “ఈ పెండ్లి ఎప్పుడో అయిపోయింది గదయ్యా. సర్వజిత్ శ్రావణమంటే ఈపాటికి మీ పిల్లకు ఇద్దరు పిల్లలుండాలె” అన్నాడట. ఆ తండ్రి మండిపడుతూ వచ్చి నా షాపు ముందు నిలబడి, నలుగురూ వినేలా ఆ మాటే చెప్పాడు. విశ్వావసు అని కొట్టాల్సిన చోట నేను సర్వజిత్‌ను అలాగే వదిలేశాను. తప్పు నాదేనని ఒప్పుకుని, ఆ పూటే మళ్లీ అచ్చు వేయించి ఇచ్చాను. పోయేముందు ఆయన నవ్వాడు కూడా. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ గొడవ విన్నవాళ్లలో మా మరిది ఒకడు. కోదాడలోనే ఇంజినీరింగ్ చదివాడు. అదే షట్టర్‌లో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకోవాలని అతనికి ఎప్పటినుంచో ఆశ. “వదినా, దాన్ని చేసినోళ్లే లేరు. ఇగ అది ఎన్ని రోజులు నడుస్తది?” అని నెలకోసారి అడిగేవాడు. అలాగని చెడ్డవాడు కాదు. ఆ మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికెళ్తే, నా ముఖం చూసి జాలిపడి తానే షాపులో కూర్చున్నాడు. నేను తిరిగొచ్చేసరికి మంచి పని చేసినవాడిలా ఎదురొచ్చాడు.

“వదినా, నీ మిషన్ల తారీఖు పద్దెనిమిదేండ్లు ఎన్కకు ఉన్నది. అందుకే తప్పు వడ్డది. నేను సరిజేసిన.”

అతన్ని పక్కకు జరిపి చూశాను. తెరమీద మూడే ముక్కలు. ‘గడువు ముగిసినది. అనుమతి సంఖ్య ఇవ్వండి. కంపెనీని సంప్రదించండి.’

గబగబా తారీఖు వెనక్కి తిప్పాను. ఈసారి వినలేదు. గడువు దాటిన రోజును చూసేసింది, చూసి రాసిపెట్టుకుంది. ఇన్నేళ్లు అబద్ధంతో నిక్షేపంగా బతికిన మిషన్ ఒక్క నిజంతో చచ్చింది. “నిన్నెవలు ముట్టమన్నరు?” అని మరిది మీద అరిచాను. పాపం, అతని ముఖం ఇంత చిన్నదైపోయింది.

సాయంత్రం మా అత్తమ్మ షాపుకు వచ్చింది. ఆమె మాటలు తక్కువ. నిలబడే చెప్పింది.

“శ్రావణం ఎల్లేదాంక సూస్త. అప్పటికి నడిస్తే నడిచింది. లేకుంటే షట్టరు సిన్నోనికి ఇస్త. నువ్వు ఇంట్ల ఉండు, నిన్నెవలేమంటరు?”

ఆమె కోపంతో అన్నది కాదు, నాకు సుఖమేనని అనుకుని అన్నది. కానీ ఇంట్లో ఉండమన్న మాట నన్ను కోసేసింది. ‘కార్డు మంచిగ కొట్టించినవు, ఎక్కడ?’ అని ఒకరు అడిగితే, ‘మనూళ్లె ఒకామె ఉన్నది’ అని ఇంకొకరు చెప్పడం నేను చెవులారా విన్నాను. ఆ ‘ఒకామె’ నేను. ఆ షట్టర్ పోతే ఆమె కూడా పోతుంది. శ్రావణం వెళ్లడానికి రెండు వారాలే ఉంది. ఇనుప మేకుకు పదకొండు పెళ్లిళ్ల కాగితాలు, నాలుగు మూలలా పసుపు పెట్టినవి, గుచ్చి ఉన్నాయి.

మరిది తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. కొత్త కంప్యూటర్లలో తెలుగు రాదని చెప్పను, బ్రహ్మాండంగా వస్తుంది. నాకే రాలేదు. ఇన్నేళ్లు ఒక కీబోర్డుకు అలవాటుపడ్డ వేళ్లు ఇంకో దానిమీద మొద్దుబారిపోయాయి. ఒక్క కార్డుకు సగం రోజు పట్టింది, అందులోనూ రెండు తప్పులు. నా మిషన్‌లోంచి ఎప్పుడో తీసి దాచిన పాత పనులు అందులో తెరిచి చూస్తే అక్షరాలకు బదులు గీతలు, చుక్కలు, డబ్బాలు. చర్చివాళ్ల పాటల పుస్తకం మొత్తం అంతే. ప్రతి క్రిస్మస్‌కు నాలుగు పాటలు కలిపి మళ్లీ వేసుకునే పుస్తకం అది. మరిది చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని, పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కాను.

మా పాత సార్ ఇప్పుడు పెద్దవాడైపోయాడు. ఫ్లెక్సీ పని పిల్లలు చూసుకుంటుంటే ఆయన ముందు కుర్చీలో పేపర్ చదువుకుంటున్నాడు. సంగతంతా చెప్పి, కంపెనీ ఆయన ఇల్లు ఎక్కడైనా తెలుసా అని అడిగాను. సార్ పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

“ఆయన పోయిండు బిడ్డా. ముందుగాల కంపెనీ పోయింది, ఎన్కసిరి ఆయన పోయిండు. నేను హైదరాబాద్ పోయి సూసొచ్చిన.”

ప్రతి ఉగాదికీ మిషన్ తిప్పుతూ ఆ మనిషిని మనసులో తిట్టుకునేదాన్ని. ఫోన్ ఎత్తని పెద్దమనిషి అని వెటకారం చేసేదాన్ని. అది గుర్తొచ్చి సిగ్గేసింది.

సార్ లోపలికెళ్లి ఒక పాత డైరీ వెతికి తెచ్చాడు. ఏటా ఫోన్లో విన్న నంబర్లు అందులో రాసిపెట్టుకున్నాడు. పార్థివ, పక్కన నంబరు. వ్యయ, పక్కన నంబరు. సర్వజిత్, పక్కన నంబరు. దాని కింద సర్వధారి అని కూడా ముందే రాసి ఉంది, పక్కన ఏమీ లేదు. నేను సర్వజిత్ నంబరు చీటీ మీద ఎక్కించుకున్నాను.

“దీంతోటి గాకుంటే మిర్యాలగూడ పో” అన్నాడు సార్. “రైసు మిల్లులల్ల నల్ల గింజలు ఏరే మిషన్లుంటయి గద, గా మిషన్ల బోర్డులు బాగుజేసేటాయన ఒకడున్నడు. ఆయనకు రాని పని లేదు.”

కోదాడ వచ్చి నంబరు కొట్టాను. ‘ఈ సంఖ్యకు గడువు తీరినది’ అంది మిషన్. తన పుట్టింటి నంబరునే కాదంది.

మర్నాడు మిషన్ డబ్బాను పాత దుప్పటిలో చుట్టి, కీబోర్డు సంచిలో వేసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. మరిది బస్టాండు దాకా మోసుకొచ్చి, “నేను గూడ వస్త వదినా” అన్నాడు. “వద్దు నాయనా, ఆడ ఇంకేం సరిజేస్తవో” అన్నాను. బస్సులో కండక్టర్ నన్నూ డబ్బానూ మార్చి మార్చి చూశాడు.

“నువ్వు ఆడామెవు, నీకు ఫ్రీ. దీనికి మాత్రం లగేజీ కొడత.”

“కొట్టు. దాని సంగతి తెలిస్తే దానికే కిటికీ పక్కన సీటిస్తవు” అన్నాను. హుజూర్‌నగర్ దాటేదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను, తర్వాత తొడలు తిమ్మిరెక్కి కింద పెట్టాను.

మిల్లుల వాసన బస్సులోకి వచ్చిందంటే మిర్యాలగూడ వచ్చినట్టే. మెకానిక్ షెడ్డు ఒక మిల్లు ప్రహరీని ఆనుకుని ఉంది. నడివయసు మనిషి, మెడలో కళ్లద్దాల తాడు. చుట్టూ విప్పిన బోర్డులు, పక్కనే ఒక పళ్లెంలో నల్లవీ తెల్లవీ కలిపిన బియ్యం. నేను చెప్పిందంతా విని పెద్దగా నవ్వాడు.

“సరిజేసుడే తప్పయిందన్నట్టు.”

“నవ్వకన్నా. నా షట్టరు పోతది.”

ఆయన నవ్వు ఆపి డబ్బా విప్పాడు. దుమ్ము ఊది, టార్చి వేసి చూసి, “ఈ కంపెనోళ్లు లేరా?” అని అడిగాడు. లేరన్నాను. “నా తాన ఉన్న మిషన్లల్ల సగానికి కంపెనోళ్లు లేరక్కా. అయితే ఏంది, మిల్లులు బందు వెట్టుకుంటరా?” అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీని వేలితో చూపించాడు. “గడువు దాటిందని ఇది రాసుకున్నది గీ సిన్న చిప్పుల. ఈ బ్యాటరీ ఉన్నంతసేపు దానికి యాదుంటది. బ్యాటరీ తీస్తే మర్సిపోతది.”

“నా కార్డులు, పుస్తకాలు?”

“అవి వేరే కాడ ఉంటయి. అయితే మిషన్ పాతది. మళ్ల లేస్తదో లేవదో నేను జిమ్మేదారి కాదు. తియ్యాల్నా, వద్దా?”

ఇప్పుడు చచ్చి ఉందేమో కానీ చెక్కు చెదరకుండా ఉంది. తీస్తే ఆ మాత్రం కూడా ఉండదేమో. ఇంటికి తీసుకెళ్లి దుప్పటి కప్పి దాచుకోవచ్చు. దాచుకుని చేసేదేముంది? “తియ్యన్నా” అన్నాను.

ఆయన తీసి పక్కన పెట్టాడు. మనిషి మరచిపోవాలంటే కూడా కొంచెం టైం పడుతుంది కదా, ఆగుదామన్నాడు. చాయ్ తెప్పించాడు. ఆయన ఇంకేదో బోర్డు పట్టుకుని దానిమీద పడ్డాడు, నేను చాయ్ తాగకుండానే చల్లారబెట్టాను. తర్వాత కొత్త బ్యాటరీ పెట్టి, తన దగ్గరున్న తెరకు తగిలించి స్విచ్చి వేశాడు. లోపల కొంచెంసేపు గరగరలాడింది. తెల్లగా ఒక గీత పడింది. ‘తారీఖు ఇవ్వండి’ అని అడిగింది.

సర్వజిత్ ఉగాది తారీఖు ఇచ్చాను. నంబరు అడిగింది. చీటీ చూడకుండానే సర్వజిత్ నంబరు కొట్టాను. రెండు రోజుల్లో నోటికొచ్చేసింది. తెర ఒకసారి నల్లబడింది. మళ్లీ వెలిగేసరికి నా పాత పనులన్నీ వరసగా కనిపించాయి, మేళ్లచెరువు కార్డు అన్నిటికన్నా పైన. గట్టిగా అరిచేశాను. బయట బస్తాలు మోస్తున్న హమాలీలు ఆగి చూశారు. మెకానిక్ ఏమన్నాడో వినబడలేదు. ‘చి॥ల॥సౌ॥’ మీట నొక్కాను, పడింది. మళ్లీ నొక్కాను. తెర నిండా చి॥ల॥సౌ॥ చి॥ల॥సౌ॥ అని నింపేశాను. ఆ సన్నటి మనిషి ఎక్కడున్నా చూడాలనిపించింది. నీ కంపెనీ పోయింది, నువ్వూ పోయావు, నీ మిషన్‌ను మాత్రం పోనివ్వలేదు సార్ అని చెప్పాలనిపించింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మెకానిక్ కళ్లద్దాలు పైకి తోసుకుని, ఇంకో చాయ్ చెప్పాడు.

పదకొండు కార్డులూ ముహూర్తాలకు ముందే ఇచ్చాను. ప్రతిదాని మీదా విశ్వావసు అని ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టి, మరిదితో కూడా చదివించాను. అతను వేలు పెట్టి మరీ చదివాడు. ఒకరోజు నేను వచ్చేసరికి మిషన్ మీద అతని చేతిరాతతో కాగితం అంటించి ఉంది. ‘తారీఖు ఎవరూ ముట్టవద్దు’ అని. కింద చిన్నగా, ‘నేను కూడా’ అని. నాకు నవ్వాగలేదు.

శ్రావణం చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం మా అత్తమ్మ వచ్చి షాపులో స్టూలు వేసుకుని కూర్చుంది. మిషన్ నడుస్తోందని ఆమెకు కనబడుతూనే ఉంది. అసలు ప్రశ్న వేరే ఉందని నాకూ తెలుసు. కాసేపటికి అడగనే అడిగింది.

“ఈసారి అయితే నడిచింది. మళ్ల ఆగితే? చేసినోడు లేకపాయె. ఎవలను అడుగుతవు?”

ఏదో అనబోతుంటే షాపు ముందు ఆటో ఆగింది. ఒక పెద్దాయన గోనెసంచి చుట్టిన డబ్బాను రెండు చేతులా పట్టుకుని దిగాడు. హుజూర్‌నగర్‌లో ప్రెస్సు నడిపేవాడినని చెప్పాడు. సంచి తీస్తే అచ్చం నా మిషనే. అదే డబ్బా, అదే కీబోర్డు, ‘చి॥ల॥సౌ॥’ మీటతో సహా. కంపెనీ మూతపడ్డ ఏడు గడువు తీరి ఆగిపోయింది, అమ్మబుద్ధి కాక ఇన్నేళ్లు అటక మీద పెట్టుకున్నాడట.

“మిర్యాలగూడల మెకానిక్ బ్యాటరీ మార్చిండమ్మా. నంబరు మాత్రం కోదాడల అడగమన్నడు. గీ మిషన్ల కంపెనీ గీడికి మారిందంట గద?” అని నన్నూ అత్తమ్మనూ చూసి అడిగాడు. “గా కంపెనీ ఇదేనా?”

కాదు, నేను ఉత్త ఆపరేటర్‌ను అని చెప్పడానికి నోరు తెరిచాను.

మా అత్తమ్మ స్టూలు మీంచి లేచి, దాన్ని ఆయన కూర్చోవడానికి జరిపింది. “ఆ, కంపెనీ ఇదే. మా కోడలే సూస్తది” అని, మరిదిని పిలిచి ఆ డబ్బా లోపల పెట్టమంది.